పామాయిల్ తోటలో పాత వించ్

పామాయిల్ గెలకు వాన, వరపు తెలియవు. పండితే కోయాల్సిందే. పైగా అశ్వారావుపేట, దమ్మపేట వైపు దిగుబడి ఎక్కువగా వచ్చేది సరిగ్గా వానాకాలంలోనే. కోసిన గెల ఒక రోజులోపు అశ్వారావుపేటలోనో అప్పారావుపేటలోనో ఉన్న ఫ్యాక్టరీకి చేరాలి. ఆలస్యమైతే పండు గుజ్జులోని ఎంజైములు నూనెను విడగొట్టి ఆమ్లం పెంచేస్తాయి. అందుకని నేల ఎంత నానినా ట్రాక్టరు తోటలోకి దిగక తప్పదు. దిగబడేదీ అక్కడే.

దిగబడ్డ బండికి మన దగ్గర మందు రెండు రకాలు. పక్క తోట ట్రాక్టరు తెచ్చి గొలుసు వేయడం ఒకటి, అదీ దిగబడితే జేసీబీకి ఫోన్ చేయడం రెండోది. మూడో మందు ఒకటుంది: బండి ముందు బిగించే ఎలక్ట్రిక్ వించ్. కొత్తది ఖరీదు. పాతది చవగ్గా దొరుకుతుంది, అదీ చాలాసార్లు ‘మోటారు పోయింది’ అన్న పేరుతో. ఆ మాట విని బేరం ఆడండి గానీ, నమ్మకండి. వించ్‌లో నింద ఎప్పుడూ మోటారు మీదే పడుతుంది. తప్పు సాధారణంగా మోటారుకు ముందో వెనకో ఉంటుంది.

డ్రమ్ముకు తాడు చుట్టి బరువు లాగడం చాలా పాత విద్య. క్రీస్తుపూర్వం 480లో పర్షియా రాజు జెర్‌క్సీస్ హెల్లెస్పాంట్ జలసంధి మీద పడవల వంతెన వేయించినప్పుడు మోకులను కొయ్య యంత్రాలతో తిప్పి బిగించారని హెరోడోటస్ రాశాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా సైన్యం జీఎంసీ లారీల ముందు వించ్‌లు వచ్చాయి. వాటికి కరెంటు లేదు, ఇంజను నుంచి షాఫ్టు వేసి తిప్పేవాళ్లు. బరువు మితిమీరితే తెగిపోయేలా మధ్యలో ఒక మెత్తటి పిన్ను పెట్టారు. పిన్ను తెగితే మార్చుకోవచ్చు, గేరుబాక్సు పగిలితే యుద్ధంలో ఎవరు మారుస్తారు? ఆ పద్ధతిలో చిక్కల్లా ఇంజను ఆగిందంటే వించ్ కూడా ఆగిపోవడమే. వాగులో ఇంజను నీళ్లు తాగేసిన బండికి అది ఎందుకూ పనికిరాదు.

యుద్ధం మిగిల్చిన జీపులను మామూలు జనం వాడకానికి తగినట్టు మార్చే సామాన్లతో ఆర్థర్ వార్న్ 1948లో సియాటిల్ ప్రాంతంలో ఒక కంపెనీ పెట్టాడు. 1959లో ఆ కంపెనీ బ్యాటరీతో నడిచే వించ్ తెచ్చింది. 1974లో వచ్చిన ఎం8274 అయితే పాత జీపు మోజున్న వాళ్లకు ఈనాటికీ ముద్దే. ఆ పేరులోని అంకెల గుట్టు, 8 వేల పౌండ్ల లాగుడు, 74వ సంవత్సరం.

ఈ వించ్ మోటారు మనకు తెలియనిదేమీ కాదు. మన మెకానిక్కులు ‘సెల్ఫ్’ అనే స్టార్టర్ మోటారుకు ఇది దాయాది. 1912లో క్యాడిలాక్ కారుకు చార్లెస్ కెటరింగ్ కరెంటు సెల్ఫ్ పెట్టాక హ్యాండిల్ తిప్పే బాధ పోయింది. మంచి వించ్‌లలో ఉండేది సిరీస్ మోటారు. అంటే ఫీల్డు చుట్టలోంచీ, తిరిగే ఆర్మేచర్‌లోంచీ ఒకే కరెంటు వరసగా పోతుంది. బరువు పెరిగి వేగం తగ్గేకొద్దీ అది ఎక్కువ కరెంటు లాగి ఎక్కువ బలం ఇస్తుంది. చవక వించ్‌లలో ఫీల్డు చుట్ట బదులు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి. అవి కరెంటు తక్కువే తింటాయి గానీ త్వరగా వేడెక్కుతాయి, దెబ్బ తగిలితే అయస్కాంతం ఊడి లోపలే ఇరుక్కుంటుంది.

పాతది కొనేటప్పుడు లోపల ఏముందో విప్పకుండా తెలుసుకునే చిట్కా ఒకటి ఉంది. కంట్రోల్ బాక్సు తీసేసి మోటారుకు నేరుగా ఒక్క క్షణం బ్యాటరీ తగిలించాలి. సిరీస్ మోటారైతే ఆర్మేచర్ టెర్మినల్‌ను ఒక ఫీల్డు టెర్మినల్‌కు కలిపి, రెండో ఫీల్డు టెర్మినల్‌కు ప్లస్, బాడీకి మైనస్ ఇవ్వాలి. తర్వాత ప్లస్, మైనస్ తారుమారు చేయాలి. అయస్కాంతం మోటారు ఎదురు తిరుగుతుంది. సిరీస్ మోటారు మాత్రం మళ్లీ అటే తిరుగుతుంది! ఫీల్డూ ఆర్మేచరూ రెండింటిలోనూ కరెంటు దిక్కు మారింది కదా, దానికిది సరిపోయింది. అందుకే సిరీస్ వించ్‌కు ముందుకీ వెనక్కీ తిప్పడానికి నాలుగు సాలినాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్‌లు, కావాలి. అవి ఫీల్డు దిక్కు ఒక్కటే మారుస్తాయి.

అసలు జబ్బు ఎక్కువగా ఈ సాలినాయిడ్ల దగ్గరే. పూర్తి బరువు మీద పెద్ద వించ్ దాదాపు 400 ఆంపియర్లు లాగుతుంది. ఆ దారిలో ఒక్కచోట తుప్పు పట్టి ఓమ్‌లో నూరో వంతు అడ్డం వచ్చిందనుకోండి. 400ను 0.01తో గుణిస్తే 4 వోల్టులు. అంటే బ్యాటరీ ఇచ్చే 12లో మూడో వంతు అక్కడే ఆవిరి. ఆ ఒక్క కొసలో 1600 వాట్ల వేడి పుడుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది. చూసేవాడికి మాత్రం మోటారు నీరసంగా తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. సాలినాయిడ్ మూత విప్పి చూస్తే రాగి బిళ్ల మీద నల్లటి గుంటలు కనపడతాయి. రుద్దితే కొన్నాళ్లు నడుస్తుంది, మారిస్తే నిశ్చింత. బ్యాటరీ నుంచి వచ్చే తీగ సంగతీ అంతే. సన్న వైరు వేసి వించ్‌ను తిట్టడం అన్యాయం. లావు వెల్డింగ్ కేబుల్ వేసి, కొసలకు రాగి లగ్గులు నొక్కించాలి.

ఇక మోటారు మూత విప్పితే కార్బన్ బ్రష్‌లు, అవి ఒరుసుకునే కమ్యుటేటర్. బ్రష్ అరిగి స్ప్రింగు నొక్కలేనంత పొట్టిదైతే మార్చడమే. కమ్యుటేటర్ నల్లబడితే సన్నటి గరుకు కాగితంతో తుడవాలి, ఎమరీ కాదు. ఎమరీ రవ్వలు రాగి పలకల సందుల్లో ఇరుక్కుని ఒకదాన్నొకటి షార్టు చేయగలవు. ఆ సందుల్లోని మైకా పైకి తేలి ఉంటే రంపపు బ్లేడు ముక్కతో కొంచెం లోతుకు గీకాలి. ఓపిక ఉన్నవాడి పని ఇది. పని ఎక్కువై చచ్చే మోటార్ల కన్నా, బంపరు మీద ఏళ్ల తరబడి ఊరికే కూర్చుని నీళ్లు దిగి చచ్చేవే ఎక్కువని నా అభిప్రాయం. 2024 జూలై 18న పెద్దవాగు కట్ట తెగి పొలాల మీద ఇసుక మేటలు వేసిన ప్రాంతమిది. ఇక్కడ బంపరు దాకా నీళ్లు రావడం వింతేమీ కాదు.

గేర్ల దగ్గర పెద్దగా ఆగక్కర్లేదు. గట్టిపడ్డ పాత గ్రీజు డీజిల్‌తో కడిగి, పళ్లు చూసి, కొత్త గ్రీజు కొద్దిగా రాసి, ఓ-రింగులు మార్చి మూసేయొచ్చు. ఆగాల్సింది బ్రేకు దగ్గర. చాలా వించ్‌లలో బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. మోటారు ఆగగానే బరువు డ్రమ్మును వెనక్కి తిప్పబోతుంది. ఆ తిప్పుడే వాలు పలకలను జరిపి బ్రేకు షూలను డ్రమ్ము లోపలి గోడకు ఒరిపిస్తుంది. ఎంత లాగితే అంత పట్టు. ఈ షూలకు గ్రీజు అంటిందంటే వాలులో వేలాడుతున్న జీపు జారి కింద ఉన్నవాడి మీదికి వస్తుంది. గేర్లకు రాసిన చేత్తోనే బ్రేకును ముట్టుకునే అలవాటు మానాలి.

బరువును మెల్లగా దించేటప్పుడు ఈ బ్రేకు డ్రమ్మును బాగా వేడెక్కిస్తుంది. ఇనప రోప్‌కు అది లెక్క కాదు. ఇప్పుడు మోజుగా వేస్తున్న డైనీమా అనే సింథటిక్ తాడు మాత్రం సుమారు 150 డిగ్రీల దగ్గర కరిగే రకం. పాత వించ్‌కు కొత్త తాడు వేసేవాళ్లు లోపలి చుట్టలకు వేడిని ఆపే తొడుగు ఉందో లేదో చూసుకోవాలి.

లాగుడంటే బలం ఒక్కటే కాదు, పట్టు కూడా. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో మునిగిన రాయల్ వశిష్ఠ బోటును కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటికి తెచ్చింది. ఒడ్డున యంత్రాలు ఉన్నాయి. మోకు బోటుకు సరైన చోట పడటమే కష్టమైంది. వించ్‌కూ అదే చిక్కు. కంపెనీ చెప్పే బలం డ్రమ్ము మీద మొదటి చుట్టకే, పై వరసకు పోయేకొద్దీ తగ్గుతూ వస్తుంది. ఒక కప్పీ వేసి తాడు మడిస్తే వేగం సగమై లాగుడు దాదాపు రెట్టింపవుతుంది. ఇక్కడ చుట్టూ టేకు, మద్ది, ఇప్ప చెట్లున్నాయి కదా అని ఇనప రోప్ నేరుగా చెట్టుకు చుట్టకండి. బెరడు చుట్టూ కోసుకుపోతే చెట్టు చస్తుంది, అడవి చెట్టయితే కేసు కూడా. వెడల్పాటి బెల్టు వేసి దానికి తగిలించండి.

వించ్ కోసం బంపరు ముందు ఇనప గార్డు పెట్టిస్తామనే వాళ్లకు ఇంకో మాట. 2017 డిసెంబరులో కేంద్ర రవాణా శాఖ ఇలాంటి గార్డుల మీద చర్య తీసుకోమని రాష్ట్రాలకు రాసింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం వస్తుంది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగులు సమయానికి తెరుచుకోకపోవచ్చు కూడా.

బాగుచేసిన వించ్‌ను నేరుగా బురదలోకి తీసుకుపోవద్దు. ముందు కొద్దిపాటి వాలులో ఖాళీ జీపును లాగి, మధ్యలో ఆపి, చక్రాలకు కాస్త ఎడంగా వెనక రాళ్లు పెట్టి, బ్రేకు నిలబడుతోందో చూడండి. ఇనప రోప్ అయితే డ్రమ్ము మీద ఐదు చుట్లు ఎప్పుడూ మిగలనివ్వండి. రోప్ మీద తడి గోనెసంచి వేయండి, పిల్లలను దూరం పంపండి. ఏటా మే నెలలో, వానలకు ముందు, రోప్ మొత్తం విప్పి మళ్లీ చుట్టండి. పాత మోటారు కొనండి, పాత గేర్లు కొనండి. రోప్, హుక్కు మాత్రం కొత్తవే కొనండి.