చెల్లని నోటు... చెల్లిన గింజ
రంగం డబ్బు నేర్పిన పాఠం

నరసన్నపేట: ఈ చుట్టుపక్కల పల్లెల్లో పాతతరం వారికి 'రంగం' అంటే రంగూన్ పట్టణమే. వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నంలోనూ, దిగువన భీమిలి, విశాఖ, కాకినాడ రేవుల్లోనూ ఓడలెక్కి వేలాదిమంది కూలీలు బర్మా వెళ్ళేవారు. మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు ఇంట్లో పెట్టి, ఓడరేవులోనో, బియ్యపు మిల్లులోనో పనిలో చేరేవారు. కొందరు రంగూన్ వీధుల్లో రిక్షాలు లాగారు. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో 10 లక్షలకు పైగా భారతీయులుండగా, రంగూన్ పట్టణంలో సగానికి మించి మనవాళ్ళే. అక్కడి నుంచి వచ్చే మనియార్డరు మీదే ఇక్కడ ఎన్నో ఇళ్ళు గడిచేవి.

అటువంటి దేశంలో డబ్బు ఒక్కసారి కాదు, పలుమార్లు చిత్తుకాగితమైంది. నేటి రైతుకు, కూలీకి, చిల్లర వర్తకునికి కూడా పనికివచ్చే కథ ఇది.

సీరియల్ నంబరు లేని నోటు

1941 డిసెంబరు 23న రంగూన్ పై జపాను బాంబులు పడ్డాయి. 1942 మార్చి నాటికి పట్టణం జపాను వశమైంది. ఓడలు నిలిచిపోవడంతో లక్షలాది భారతీయులు అరకాన్, మణిపురం కొండదారుల్లో కాలినడకన బయలుదేరారు. వేలాదిమంది దారిలోనే కన్నుమూశారు. ఇక్కడ మనియార్డర్లు ఆగిపోయాయి.

వెనక దిగబడిన వారి చేతికి జపాను ప్రభుత్వం తన రూపాయి నోట్లు ఇచ్చింది. వాటిమీద సీరియల్ నంబర్లు కూడా లేవు. బర్మాకు గుర్తుగా 'బి' అనే అక్షరంతో మొదలయ్యే ముద్ర మాత్రం ఉండేది. సైన్యానికి ఏది కావలసినా నోట్లు అచ్చువేసి కొనేవారు. మరోవంక ఓడలు లేక బయటినుంచి గుడ్డ, మందులు రావడం మానేశాయి. ఎగుమతి లేక ధాన్యం గుట్టలుగా పడి ఉంది. సరుకు తగ్గి నోట్లు పెరిగితే జరిగేదొక్కటే, ధర ఆకాశానికంటుతుంది. 1945లో బ్రిటిష్ వారు తిరిగి రాగానే ఆ నోట్లు చెల్లవన్నారు. పెట్టెల నిండా దాచుకున్నవారికి మిగిలింది కాగితమే.

మళ్ళీ 1964, మళ్ళీ 1987

యుద్ధం తర్వాత తిరిగి వెళ్ళినవారు, అక్కడే పుట్టినవారు కాస్త నిలదొక్కుకున్నారు. 1962లో జనరల్ నేవిన్ అధికారం చేజిక్కించుకున్నాక బ్యాంకులు, దుకాణాలు ప్రభుత్వపరమయ్యాయి. 1964 మే నెలలో 50, 100 క్యాట్ నోట్లను రద్దు చేశారు. వ్యాపారం పోయి, చేతి డబ్బు పోయి లక్షలాది భారతీయులు ఓడలెక్కి వచ్చేశారు. విశాఖలోని బర్మా క్యాంపు ఆ రాకకు గుర్తు. ఇలా వచ్చిన కాందిశీకుల కోసమే 1969లో మద్రాసు కేంద్రంగా రెప్కో బ్యాంకు ఏర్పడింది.

అంతటితో ఆగలేదు. 1987 సెప్టెంబరులో 25, 35, 75 క్యాట్ నోట్లను మార్పిడి సౌకర్యం కూడా లేకుండా రద్దు చేయడంతో చలామణిలో ఉన్న డబ్బులో సగానికి మించి ఒక్కరోజులో పోయింది. మరుసటి ఏడాది దేశమంతా తిరగబడింది.

ఇటువంటి గతి బర్మాకే పట్టలేదు. 1923 నవంబరులో జర్మనీలో ఒక డాలరుకు 4.2 లక్షల కోట్ల మార్కులు ఇవ్వవలసి వచ్చింది. 2009లో జింబాబ్వే 100 లక్షల కోట్ల డాలర్ల నోటు అచ్చువేసింది. మన పొరుగున శ్రీలంకలో 2021లో రసాయన ఎరువులు ఆపగా వరి దిగుబడి పడిపోయింది. 2022లో విదేశీ అప్పు కట్టలేక చేతులెత్తేయడంతో పెట్రోలు, గ్యాసు కోసం జనం రోజుల తరబడి క్యూలలో నిలబడ్డారు.

ఎవరు తట్టుకున్నారు?

ఇన్ని చోట్లా కనిపించేది ఒకటే. ఉన్నదంతా నోట్ల రూపంలో దాచినవారు ముందు మునిగారు. నెల జీతగాళ్ళు, పింఛనుదారులు ఆ వెంటనే చితికిపోయారు. గాదెలో గింజ, దొడ్లో పాడిపశువు, చేతిలో పని ఉన్నవారు ఎలాగో గట్టెక్కారు. వడ్రంగం, కుట్టుపని, కమ్మరం ఏ నోటు కాలంలోనైనా చెల్లాయి. కూలి గింజల్లో కొలిచే పాత పద్ధతి మన పల్లెలకు కొత్తది కాదు. నోటు మీద నమ్మకం పోయినచోట జనం ఆ పద్ధతికే మళ్ళారు.

అప్పు సంగతి వేరు. ధరలు మండితే పాత అప్పు తేలికవుతుంది గదా అని కొందరంటారు. వడ్డీ పెంచే హక్కు అప్పిచ్చినవాడిదైతే ఆ లెక్క తారుమారే. తాకట్టులో ఉన్న భూమి చేజారితే మళ్ళీ రాదు.

మన జాగ్రత్త

భయపడి బ్యాంకుల మీద ఎగబడమని దీని అర్థం కాదు. 1946, 1978, 2016 సంవత్సరాల్లో మన దేశంలోనూ పెద్ద నోట్లు రద్దయ్యాయి, అయినా గడువులోగా మార్చుకునే వీలుండేది. 2020 నుంచి బీమా ఉన్న బ్యాంకులో ఒక్కో డిపాజిట్‌దారుకు 5 లక్షల రూపాయల వరకు రక్షణ ఉంది. ఎక్కువ వడ్డీ ఆశ చూపే రిజిస్టరు కాని చీటీకి ఆ రక్షణ లేదు.

అందువల్ల కూడబెట్టినదంతా ఒకేచోట పెట్టరాదు. కోత కాగానే ధాన్యమంతా అమ్మేయకుండా ఇంటి తిండికి, విత్తనానికి గింజలు ఉంచుకోవాలి. రేకుల పెట్టెలో నోట్లు దాచేకన్నా బ్యాంకులోనో, పోస్టాఫీసులోనో వేయడం మేలు. పిల్లలకు చదువుతోపాటు ఒక చేతిపని నేర్పించాలి. నేడు గల్ఫుకో, హైదరాబాదుకో వెళ్ళిన కొడుకు పంపే డబ్బు మీద నడిచే ఇళ్ళు జిల్లాలో తక్కువేమీ కాదు. ఆ డబ్బు ఆరునెలలు ఆగిపోతే ఇల్లు ఎలా గడుస్తుందో ఇప్పుడే లెక్క వేసుకోవడం మంచిది. 1942లో ఆ లెక్క వేసుకునే వ్యవధి మన పెద్దలకు దొరకలేదు.