పాత ఫోను చేయి మారకముందు

ఇంటికి క్రొత్త ఫోను వచ్చిననాడు పాత ఫోను సంగతి ఏమను ప్రశ్న వచ్చును. కొందరు దానిని చెల్లెలికో మేనల్లునికో ఇత్తురు. కొందరు హైదరాబాదులోని జగదీశ్ మార్కెట్టు వంటి చోటులకు కొనిపోయి అమ్ముదురు. మరికొందరు క్రొత్తదాని వెలలో కొంత తగ్గించుకొనుటకై దుకాణమువారికే అప్పగింతురు. ఎవరికిచ్చినను, ఇచ్చుటకు ముందు ఫోనులోని సర్వమును చెరిపివేయవలెనని అందరును వినియే యుందురు. ఆండ్రాయిడ్ ఫోనులలో ఈ చెరిపివేతకు ఫ్యాక్టరీ రీసెట్ అని పేరు. తెరపై నాలుగైదు నొక్కులతో ముగియు పని ఇది. అందుచేతనే దీనిని తొందరపడి చేయువారెక్కువ.

ఈ పనిలో మూడు విధములైన నష్టములు కలుగవచ్చును. నిలువవలసినది పోవుట మొదటిది. గతించిన తండ్రిగారి కంఠస్వరము, బిడ్డ తొలి అడుగుల చిత్రము ఆ ఫోనులో తప్ప వేరొకచోట లేకున్నచో, అవి మరల రావు. పోవలసినది నిలుచుట రెండవది. మన ఉత్తరప్రత్యుత్తరములు, ఖాతాల రహస్యములు పరుల చేతబడుట ఎంతటి అపాయమో వేరుగ చెప్పనక్కరలేదు. ఫోను తీసికొన్నవారు దానిని వాడలేకపోవుట మూడవది. ఈ మూడింటిని తప్పించుకొనవలెనన్నచో, చెరిపివేత ఎట్లు జరుగునో కొంత తెలిసికొనవలెను.

ఫోనులో మన వ్రాతలను, చిత్రములను నిలువయుంచు భాగమునకు ఫ్లాష్ మెమరీ అని పేరు. జపానుదేశమున తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసుఓకా దీనిని రూపొందించి 1984లో లోకమునకు వెల్లడించెను. ఇందులోని సమాచారము ఒక్కసారిగా చెరిగిపోవు తీరు కెమేరా మెరుపును తలపించుటచే ఆయన సహోద్యోగి ఒకరు ఈ పేరు సూచించిరి. పేరు మెరుపే యైనను, మనమొక ఫొటోను చెరిపినప్పుడు జరుగునది వేరు. గ్రంథము మొదట నుండు విషయసూచికలో ఒక పంక్తిని కొట్టివేసినంత మాత్రమున ఆ అధ్యాయపు పుటలు మాయము కావు గదా! ఫోనుకూడ అట్లే, ఆ చోటు ఖాళీయైనదని సూచికలో గుర్తు పెట్టుకొనును. ఆ చోట క్రొత్తది వ్రాయబడువరకు పాతది అక్కడనే ఉండవచ్చును. పైగా ఫ్లాష్ మెమరీలో ఒకేచోట పదేపదే వ్రాసినచో ఆ చోటు అరిగిపోవును. అందుచే యంత్రము తన వ్రాతను చోటు మార్చి మార్చి పంచుచుండును. పాతప్రతి ఏ మూలనో మిగిలిపోవుట కిది మరియొక కారణము.

ఇది ఊహమాత్రము కాదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమునకు చెందిన లారెంట్ సైమన్, రాస్ ఆండర్సన్ అను పరిశోధకులు ఐదు సంస్థలవారి ఆండ్రాయిడ్ ఫోనులను 21 తీసికొని పరీక్షించి, 2015లో తమ ఫలితములను ప్రకటించిరి. అవి ఆండ్రాయిడ్ 2.3 మొదలు 4.3 వరకు గల తరముల ఫోనులు. రీసెట్ చేసిన పిమ్మటకూడ వాటినుండి సందేశములను, చిత్రములను, గూగుల్ ఖాతాను తెరచు సంకేతములను వారు వెలికితీయగలిగిరి.

ఆ తరువాత పద్ధతి మారినది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6.0 నుండి, తగిన వేగముగల క్రొత్త ఫోనులు తమలోని సమాచారమును గూఢలిపిలోనే నిలువచేయవలెనని నియమమేర్పడినది. దీనినే ఎన్‌క్రిప్షన్ అందురు. 2019 నాటి ఆండ్రాయిడ్ 10తో ఈ నియమము క్రొత్త ఫోనులన్నిటికిని వర్తించినది. గూఢలిపిని చదువుటకు కావలసిన తాళపుచెవి ఫోనులోని భద్రమైన భాగమున నుండును. రీసెట్ చేయుటయనగా ముఖ్యముగా ఈ తాళపుచెవిని నాశనము చేయుటయే. లోపల వ్రాత మిగిలినను అది అర్థములేని గీతలగుంపు మాత్రమే యగును.

ఇందులో మేలును కలదు, కీడును కలదు. ఫోను కొన్నవారు మన రహస్యములను చదువలేకపోవుట మేలు. మనము పొరపాటున పోగొట్టుకొన్న చిత్రమును మనముకూడ తిరిగి పొందలేకపోవుట కీడు. రీసెట్ అయిన నేటి ఫోనునుండి పాత ఫొటోలు తీసియిత్తుమని ఎవరైన చెప్పినచో నమ్మి డబ్బీయరాదు. కావున అసలు జాగ్రత్త అంతయు రీసెట్‌నకు ముందే యున్నది.

మొదట ఫొటోలు, వీడియోలు. ఇవి గూగుల్ ఫొటోస్‌లో చేరినవో లేదో ఆ యాప్‌లోనే చూడవచ్చును. గూగుల్ ఖాతాలో ఉచితముగ లభించు చోటు 15 జీబీ మాత్రమే. అది నిండినచో క్రొత్త చిత్రములు చేరుట ఆగిపోవును, మనము గమనింపకపోవచ్చును. కంప్యూటరున్నవారు తీగతో కలిపి ఫైళ్లను దానిలోనికి ఎక్కించుకొనుట మరింత మేలు. రికార్డుచేసిన మాటలు, పాటలు, దిగుమతి చేసికొన్న పత్రములు చాల ఫోనులలో తమంతట తాము ఎక్కడికిని చేరవు. వాటిని వెదకి తీసికొనవలెను. ప్రతి తీసిన పిమ్మట వేరొక యంత్రముపై నాలుగు చిత్రములు తెరచి, ఒక రికార్డు వినవలెను. తెరచి చూడని ప్రతిని ప్రతిగా లెక్కింపరాదు.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. ఫోను ఇచ్చివేయునప్పుడు కొందరు ఫొటోలను, పేర్లను చేతితో ఒక్కొక్కటిగా చెరుపుచుందురు. ఫోను గూగుల్ ఖాతాతో కలిసియుండగా ఇట్లు చేసినచో, ఖాతాలోని ప్రతికూడ చెరిగిపోవును. గూగుల్ ఫొటోస్‌లో దాచిన చిత్రములైనచో 60 దినములు చెత్తబుట్టలో ఉండి, ఆపై శాశ్వతముగ పోవును. రీసెట్ అట్లు కాదు. అది ఫోనులోనివానిని మాత్రమే తుడుచును, ఖాతాలోనివానిని తాకదు. కావున చేతితో చెరుపుట మాని, ఆ పనిని రీసెట్‌కే విడువవలెను.

ఫోను నంబర్లు గూగుల్ ఖాతాలో ఉన్నవో, ఫోనులోనే ఉన్నవో పరిశీలింపవలెను. ఫోనులో మాత్రమే ఉన్నవి పోవును. వాట్సాప్ సంభాషణలు నిలువవలెనన్నచో, ఆ యాప్‌లో బ్యాకప్ చేసి దాని తేదీని చూచుకొనవలెను. వాటిని తిరిగి పొందుటకు అదే ఫోను నంబరు, అదే గూగుల్ ఖాతా కావలెను. 2021 నుండి ఈ బ్యాకప్‌నకు ప్రత్యేకమైన రహస్యపదము పెట్టుకొను సౌకర్యము వచ్చినది. ఆ పదమును మరచినచో సంస్థవారుకూడ దానిని తెరువలేరు. కొన్ని ఖాతాలకు క్షణక్షణము మారు సంకేతాంకెలను చూపు యాప్‌లు కలవు. వాటిని ముందుగా క్రొత్త ఫోనునకు మార్చుకొననిచో మన ఖాతాకు మనమే పరాయివారమగుదుము.

డబ్బు చెల్లించు యాప్‌లను గురించి భయపడనక్కరలేదు. 2016లో మొదలైన యూపీఐ పద్ధతిలో డబ్బు బ్యాంకులోనే యుండును. యాప్ పోయినను సొమ్ము పోదు. క్రొత్త ఫోనులో మన సిమ్‌తో మరల నమోదు చేసికొనినచో చాలును. అయితే 2022లో వచ్చిన యూపీఐ లైట్‌లో చిన్నమొత్తము ఫోనులోని యాప్‌తో ముడిపడియుండును. దానిని రద్దుచేసి, ఆ మొత్తమును బ్యాంకు ఖాతాకు ముందే మరల్చుకొనవలెను.

సిమ్ కార్డును, మెమరీ కార్డును తీసివేయవలెను. మెమరీ కార్డును ఆ ఫోనే గూఢలిపిలోనికి మార్చియున్నచో, రీసెట్ తరువాత దానిని ఏ యంత్రమును చదువలేదు. కావున కార్డులోనివానిని ముందే వేరొకచోట చేర్చవలెను. లోపలనే అమరియుండు ఈ-సిమ్ గలవారు, రీసెట్ వేళ దానినికూడ తుడువవలెనా అని తెర అడుగునప్పుడు ఆలోచించి చెప్పవలెను. ఫోను మనయొద్దనే యుండునట్లయిన తుడువరాదు. తుడిచినచో క్రొత్తదానికై సిమ్ సంస్థను ఆశ్రయింపవలసివచ్చును. ఫోను పరులకు ఇచ్చునట్లయిన, నంబరును క్రొత్త ఫోనునకు మార్చుకొని తుడువవలెను.

ఇక మూడవ నష్టము. దొంగిలించిన ఫోనును తుడిచి అమ్ముకొనకుండుటకై 2015 నాటి ఆండ్రాయిడ్ 5.1లో ఒక రక్షణ ఏర్పడినది. సెట్టింగ్స్‌ద్వారా కాక మీటలు నొక్కిపట్టి ఫోనును తుడిచినచో, అది మొదలగునప్పుడు పూర్వపు గూగుల్ ఖాతాను, దాని రహస్యపదమును అడుగును. చెప్పలేనివారికి ఫోను తెరచుకొనదు. దొంగకు అడ్డమగు ఈ తాళము, అజాగ్రత్త వలన మేనల్లునికికూడ అడ్డము కావచ్చును. కావున రీసెట్‌నకు ముందు సెట్టింగ్స్‌లోని ఖాతాల భాగమునకు పోయి గూగుల్ ఖాతాను, ఫోను తయారీదారు ఖాతాను తొలగింపవలెను. గూగుల్ రహస్యపదమును అప్పుడే మార్చియున్నచో 24 గంటలు ఆగి రీసెట్ చేయవలెను.

ఇన్నియు ముగిసిన తరువాత చెరిపివేత తేలికయే. బ్యాటరీ కనీసము 70 శాతము ఉండవలెను. ఛార్జరు తగిలించియుంచుట మంచిది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందు రీసెట్ ఆప్షన్స్, అందు సమస్తమును చెరుపు అంశమును ఎంచవలెను. శామ్‌సంగ్ ఫోనులలో ఇది జనరల్ మేనేజ్‌మెంట్ అను భాగమున నుండును. పిన్ అడుగును, చెప్పి, ఆపై కదిలింపక విడువవలెను. ఫోను మరల వెలిగి భాషను అడుగు తొలితెర కనబడినచో పని సఫలమైనట్లే. అక్కడనే ఆపి ఇచ్చివేయవలెను. మన ఖాతాతో మరల తెరువరాదు. 2015కు పూర్వపు ఫోనైనచో సెట్టింగ్స్‌లో మొదట ఎన్‌క్రిప్ట్ చేసి ఆపై రీసెట్ చేయవలెను. ఆ వీలు లేనిచో పరులకు ఈయకుండుటయే మేలు.

పాత ఫోను కొనువారికిని ఒక మాట. అమ్మువారి ఎదుటనే తొలితెర దాటి, పాత ఖాతాను అడుగుట లేదని రూఢి చేసికొనవలెను. డయలుపై స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కినచో ఐఎంఈఐ అను సంఖ్య కనబడును. 2023లో దేశమంతట అందుబాటునకు వచ్చిన కేంద్రప్రభుత్వ సంచార్ సాథీ సేవలో ఆ సంఖ్యను పరీక్షించినచో, అది నిషేధింపబడిన ఫోనో కాదో తెలియును.

ఫోను నెమ్మదించినంత మాత్రమున రీసెట్‌నకు దిగరాదు. ఒకసారి ఆపి వెలిగించుట, వాడని యాప్‌లను తీసివేసి చోటు కల్పించుట తరచు చాలును. పెండ్లిపిలుపు పేరుతో వాట్సాప్‌లో వచ్చిన ఫైలును నొక్కి దుష్టమైన యాప్‌ను ఎక్కించుకొన్నవారి సంగతి వేరు. వారు ముందు ఫోనునకు నెట్టును త్రెంచి, వేరొక ఫోనునుండి బ్యాంకునకును 1930 నంబరునకును తెలిపి, ఆపై రీసెట్ చేయవలెను. పిదప యాప్‌లను పాత బ్యాకప్‌నుండి కాక ప్లే స్టోర్‌నుండియే క్రొత్తగా తెచ్చుకొనవలెను.

ఈ క్రమమును గుర్తుంచుకొనిన చాలును: ముందు ప్రతి, తరువాత దాని పరీక్ష, ఆపై ఖాతాల తొలగింపు, చిట్టచివరకు చెరిపివేత. మొదటి మూడింటికి ఒక పూట పట్టినను పట్టనీయుడు. నాలుగవది గంటలోపుననే ముగియును; ముగిసిన తరువాత వెనుకకు మరల్చు మీట ఏ ఫోనులోను లేదు.