కృత్రిమ మేధ లెక్కలో కౌలు రైతు

వ్యవసాయంలోకి కృత్రిమ మేధ వచ్చాక రెండు ప్రశ్నలు తప్పనిసరి అయ్యాయి. సలహా తప్పితే నష్టం ఎవరు భరించాలి? యంత్రానికి ఆధారమైన రికార్డుల్లో అసలు సాగుదారు ఉన్నాడా? పత్తి, మిర్చి పండే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి నేలల్లో ఈ రెండూ రైతు పెట్టుబడిని తేల్చే ప్రశ్నలు.

పత్తిలో గులాబీ రంగు పురుగు ఉధృతిని తెలుసుకోవడానికి చేలో లింగాకర్షక బుట్టలు పెడతారు. వాధ్వానీ ఏఐ సంస్థ రూపొందించిన ‘కాటన్‌ఏస్’ యాప్‌లో, బుట్టలో పడ్డ రెక్కల పురుగులను ఫొటో తీస్తే యంత్రం వాటిని లెక్కపెడుతుంది. బుట్టకు రోజుకు 8 చొప్పున వరసగా 3 రోజులు పడితే మందు కొట్టాల్సిన దశ వచ్చినట్టే. యంత్రం తక్కువ లెక్కిస్తే పురుగు కాయలోకి దిగుతుంది. ఎక్కువ లెక్కిస్తే మందు ఖర్చు దండగ. ఎటు తప్పినా నష్టం రైతుదే.

కొత్త పురుగు వస్తే చిక్కు మరింత పెరుగుతుంది. 2021-22లో నల్ల తామర పురుగు గుంటూరు, ప్రకాశం మిర్చి తోటలను దెబ్బతీసింది. పాత ఫొటోలతో నేర్చిన యంత్రం అలాంటి పురుగును పోల్చుకోలేదు. అందుకే లాం ఫారం వంటి పరిశోధన కేంద్రాల శాస్త్రవేత్తలు, గ్రామ స్థాయి వ్యవసాయ సిబ్బంది యంత్రం ఇచ్చే సలహాలను సరిచూసే ఏర్పాటు ఉండాలి.

రెండో ప్రశ్నకు మూలం వలస పాలనలో ఉంది. శిస్తు వసూలు కోసం మద్రాసు ప్రెసిడెన్సీలో పెట్టిన రైత్వారీ రికార్డు పట్టాదారునే గుర్తించింది. అతని దగ్గర కౌలుకు చేసేవాడికి అందులో చోటు లేదు. ఆ లోటు తీర్చడానికి ఆంధ్రప్రదేశ్‌లో 2011లో ఒక చట్టం, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చాయి. అయినా భూయజమాని ఒప్పుకోక, సాగు హక్కును చూపే కార్డు అందని కౌలుదారులు ఉన్నారు. పట్టా రికార్డు చూసి అప్పు, బీమా, పరిహారం తేల్చే యంత్రం పాత అన్యాయాన్నే వేగంగా కొనసాగిస్తుంది.

రికార్డును గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో పక్క రాష్ట్రంలో కనిపించింది. తెలంగాణలో కంప్యూటర్ వడపోతతో రద్దయిన లక్షల రేషన్ కార్డులపై క్షేత్రస్థాయి విచారణ జరపాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే రాష్ట్రం ఖమ్మం మిర్చి రైతులతో ‘సాగు బాగు’ అనే కృత్రిమ మేధ ప్రాజెక్టు చేపట్టి, 2023లో వ్యవసాయ డేటా పంపకానికి ఒక వేదిక తెచ్చింది. అదే ఏడాది వచ్చిన కేంద్ర వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం, సమ్మతి కోరే నోటీసును తెలుగులో చదువుకునే వీలు ఉండాలి. రుణ అర్హత తేల్చే వ్యవస్థలను యూరోపియన్ యూనియన్ 2024 కృత్రిమ మేధ చట్టం అధిక ప్రమాద తరగతిలో చేర్చింది.

ఈ నేలకు కావలసిన నియమాలు మూడు: సాగుదారును పొలంలో చూసి నమోదు చేయడం, యంత్రం కాదన్నవారికి కారణం తెలుగులో చెప్పి ఊళ్లోనే అప్పీలుకు వీలివ్వడం, తప్పు సలహా నష్టాన్ని ఎవరు భరించాలో ఒప్పందంలోనే రాయడం.