నింద వాడకు, లాభం వేలానికి

తెలంగాణ ఆబ్కారీ చట్టం ప్రకారం ఇరవై ఒక్క ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ఇంకా కఠినమైనది. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు మద్యం ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగార శిక్ష, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చునని దాని 77వ సెక్షన్ చెబుతోంది. పిల్లలచేత మద్యం మోయించినా, అమ్మించినా అదే శిక్ష అని 78వ సెక్షన్ హెచ్చరిస్తోంది. ఇన్ని చట్టాలు ఉండగా, నిజామాబాద్ జిల్లా సిరికొండ వంటి మండలాల్లో పదో తరగతి పిల్లవాడు సీసా కొనాలంటే వయసు రుజువు చూపనక్కరలేదు, ఊరు దాటనక్కరలేదు. కిరాణా కొట్టు చాటునే బెల్టు షాపు ఉంటుంది. ఆ పిల్లవాడు దళితవాడకో, తండాకో చెందినవాడైతే ఊరి తీర్పు కూడా సిద్ధంగా ఉంటుంది: ‘వాళ్లంతే.’

ఈ తీర్పు ఎంత అబద్ధమో అంకెలే చెబుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పదిహేనేళ్లు, ఆపై వయసున్న పురుషుల్లో 18.8 శాతం మంది మద్యం తాగుతుండగా, తెలంగాణలో తాగేవారు 43.3 శాతం. స్త్రీలలో దేశ సగటు 1.3 శాతం, మనది 6.7 శాతం. ఇంత పెద్ద సంఖ్య ఏ ఒక్క కులం వల్లా రాదు. అయినా భూమి ఉన్న ఇంటి కుర్రవాడు తాగితే అది ‘పార్టీ’, కూలీ కొడుకు తాగితే అది ‘కులబుద్ధి’. ఒకే సీసాకు రెండు పేర్లు పెట్టే ఈ అలవాటు వెనుక ఎవరి లాభం ఉందో చూడాలి.

ఆర్మూర్, బాల్కొండ, భీమ్‌గల్ ప్రాంతాల్లో గ్రామాభివృద్ధి కమిటీల పెత్తనం అందరికీ తెలిసిందే. చట్టంలో వీటికి చోటు లేదు. పంచాయతీకి ఎన్నికలు ఉన్నాయి, రిజర్వేషన్లు ఉన్నాయి. కమిటీకి అవేవీ లేవు. కులానికొకరు చొప్పున సభ్యులున్నట్టు కనిపించినా, మాట చెల్లేది భూమి, డబ్బు ఉన్న కులాలకే. ఊళ్లో బెల్టు షాపు నడుపుకొనే హక్కును అనేక చోట్ల ఈ కమిటీలే వేలం వేస్తాయి. పాడుకున్నవాడు లక్షలు కట్టాలి, ఆ లక్షలు ఏడాదిలో తిరిగి రావాలి. కట్టిన డబ్బు రాబట్టుకోవలసినవాడు కొనేవాడి వయసు అడుగుతాడని ఆశించడం అమాయకత్వం. వేలం సొమ్ముతో గుడి కడతారు, కమాను కడతారు. ఆ సొమ్ములో పెద్ద భాగం పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబోసిన కూలీల చేతుల మీదుగా వచ్చినదే. ఊరి అభివృద్ధి పేరున పేదల మీద పడుతున్న ఈ పన్నుకు రసీదు ఉండదు, లెక్క చూపేవారూ ఉండరు.

ఇక ఎదిరించడం మాటల్లో చెప్పినంత సులువు కాదు. కమిటీ మాట దాటితే జరిమానా, జరిమానా కట్టకపోతే సాంఘిక బహిష్కరణ ఈ జిల్లాలో పదే పదే వార్తలకెక్కిన విషయం. సాంఘిక, ఆర్థిక బహిష్కరణను 2015 సవరణ ద్వారా ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో నేరంగా చేర్చారు. కానీ బీడీలు చుట్టి బతికే వెనుకబడిన కులాల తల్లికి ఆ రక్షణ వర్తించదు. మహారాష్ట్ర 2016లోనే సాంఘిక బహిష్కరణ నిషేధానికి ప్రత్యేక చట్టం చేసుకుంది. ఆ సరిహద్దుకు ఇంత దగ్గరలో ఉన్న మనకు అటువంటి చట్టం లేదు. భర్త గల్ఫ్‌లో, కొడుకు బెల్టు షాపు దగ్గర ఉన్న ఇల్లాలు ఎవరిని నమ్ముకుని ఫిర్యాదు చేయాలి?

పిల్లల శరీరం మీద మద్యం చేసే హాని పెద్దల విషయంలో కంటే లోతైనది. ముందుచూపును, నిగ్రహాన్ని నడిపే మెదడు ముందుభాగం దాదాపు ఇరవై ఐదేళ్ల వరకు ఎదుగుతూనే ఉంటుంది. జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినేది ఆ దశలోనే. పదిహేనేళ్లలోపు తాగుడు మొదలుపెట్టినవారిలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి బానిసలయ్యారని, ఇరవై దాటాక మొదలుపెట్టినవారిలో అది 10 శాతమేనని 1997లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనం తేల్చింది. అలవాటుకు పేదరికం, ఇంటి పరిస్థితి వంటి కారణాలూ తోడవుతాయి. కానీ అవి ఎక్కువగా ఉన్నచోటే సీసా కూడా చేరువలో ఉండటం మన పల్లెల విషాదం.

కల్లు సంగతి మరో ముడి. కల్లు చలవ చేస్తుందన్న నమ్మకంతో పిల్లలకు రుచి చూపించే అలవాటు పల్లెల్లో ఉంది. చెట్టు కల్లు వేరు, ఆల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన ద్రవం వేరు. 2015 సెప్టెంబరులో కల్తీపై దాడులు జరిగి సరఫరా ఆగినప్పుడు నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వందలమంది ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము మందుకు బానిసలమని అప్పటిదాకా వారిలో చాలామందికి తెలియదు. ఇక్కడ ప్రాణాలకు తెగించి చెట్టెక్కే గీత కార్మికుణ్ణీ, మత్తుమందు కలిపే వ్యాపారినీ వేరుచేసి చూడాలి. కల్తీకి గౌడ కులాన్ని నిందించడం, తాగుడుకు దళితులను నిందించడం ఒకే తప్పుకు రెండు రూపాలు.

పతనం ఖరీదు కూడా అందరికీ ఒకటి కాదు. స్థోమత ఉన్న ఇంటి పిల్లవాడు దారి తప్పితే నగరంలో వైద్యం, మరో కాలేజీలో సీటు దొరుకుతాయి. ఇంట్లో మొదటిసారి చదువుకుంటున్న హాస్టల్ పిల్లవాడు తప్పితే మిగిలేది అడ్డా కూలి. ఒక తరం చేజిక్కించుకున్న అవకాశం ఒక్క ఏడాదిలో చేజారిపోతుంది.

అందుకే ఈ ప్రశ్న కుల వ్యతిరేక ఉద్యమాలకు కొత్తది కాదు. 1880లో పుణె మున్సిపాలిటీ సభ్యుడిగా జోతిరావు ఫూలే మద్యం దుకాణాలు పెరగడాన్ని అభ్యంతరపెట్టారు. 1906లో జగన్మిత్ర మండలిని స్థాపించిన భాగ్యరెడ్డి వర్మ హైదరాబాద్ దళితవాడల్లో మద్యపానానికి వ్యతిరేకంగా ప్రచారం చేశారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న స్త్రీలు మొదలుపెట్టిన పోరాటం 1993 అక్టోబరులో సారా నిషేధాన్ని సాధించింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లోనే వీగిపోయింది. ఖజానా మద్యం మీద ఆధారపడినంత కాలం నిషేధం నిలవదన్నది ఆ అనుభవం చెప్పిన పాఠం.

నేటి ఖజానా సంగతి చూద్దాం. 2023లో రాష్ట్రంలోని 2,620 మద్యం దుకాణాలకు లక్షా ముప్పై వేలకు పైగా దరఖాస్తులు రాగా, వాటి రుసుముల రూపంలోనే ప్రభుత్వానికి 2,600 కోట్లకు పైగా వచ్చింది. 2021 నుంచి ఈ దుకాణాల్లో గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం రిజర్వేషన్ అమలవుతోంది. వ్యాపారంలో వాటా న్యాయమే కావచ్చు. కానీ అమ్మేచోట కులాన్ని గుర్తించిన ప్రభుత్వం నష్టపోయేచోట గుర్తించవద్దా? ఏ వాడలో ఎన్ని బెల్టు షాపులున్నాయి, తాగుడు వల్ల ఏ హాస్టల్ నుంచి ఎందరు బడి మానేశారు అన్న లెక్కలను కూడా ప్రజల ముందుంచాలి.

చేయవలసినవి అసాధ్యమైనవి కావు. సీసా మీద హోలోగ్రామ్ లేబుల్ ఉంటుంది. బెల్టు షాపులో దొరికిన సరుకు ఏ లైసెన్సు దుకాణం నుంచి వచ్చిందో దాని ఆధారంగా తేల్చి, ఆ లైసెన్సును రద్దు చేయాలి. బెల్టు షాపును వేలం వేసిన కమిటీ పెద్దల మీద కేసులు పెట్టాలి. పిల్లలకు అమ్మకం రుజువైతే 77వ సెక్షన్ వర్తింపజేయాలి. సాంఘిక బహిష్కరణకు అన్ని కులాల బాధితులనూ కాపాడే చట్టం తేవాలి. సంక్షేమ హాస్టళ్లలో సలహాదారులను నియమించి, తాగుడుకు అలవాటుపడిన పిల్లవాణ్ణి గెంటివేయకుండా రోగిగా చూసి చికిత్స చేయించాలి. విద్యార్థి సంఘాలు తమ గ్రామాల్లో వేలం సొమ్ము లెక్కలను గ్రామసభలో అడగడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు. పద్నాలుగేళ్ల పిల్లవాడి నడతను విచారించే ముందు, అతనికి సీసా అమ్మే హక్కును ఎంతకు పాడారో, ఆ డబ్బు ఎక్కడికి వెళ్లిందో ఊరు సమాధానం చెప్పాలి.