తోట పెంచినవారిది, నేల ఎవరిది?

పట్టణోద్యానములను పోషించు బాధ్యత పురపాలక సంఘములది. దీనిని కాదనువారు లేరు. అయినను పన్ను చెల్లించియు, వేసవిలో వీధి తోటకు బిందెడు నీరు తామే మోసి పోయు పౌరులు ప్రతి పట్టణమందును కొందరుందురు. అట్టివారు సంఘముగ కూడినచో ఏమి సాధింపగలరో, వారి శ్రమకు వ్రాతమూలకమగు ఆధారము లేనిచో ఏమి వాటిల్లునో, న్యూయార్కు నగర చరిత్రమున చూడవచ్చును.

1970 తరువాతి దశకమున ఆ మహానగరము దివాలా అంచున నిలిచెను. యజమానులు పన్ను కట్టజాలక ఇండ్లను విడిచిపోగా, బకాయిక్రింద అనేక స్థలములు నగరమునకు దఖలుపడెను. నగరమునకు వానిని బాగుచేయు శక్తి లేదు. చెత్తయు, పగిలిన ఇటుకలును కుప్పలు పడెను. మాన్‌హటన్‌లో బౌరీ, హౌస్టన్ వీధులు కలియు మూల అట్టి పాడునేల యొకటి యుండెను. 1973లో లిజ్ క్రిస్టీ అను చిత్రకారిణి ఇరుగుపొరుగువారిని కూర్చుకొని దానిని శుభ్రపరచి, మంచిమన్ను వేయించి, మొక్కలు నాటించెను. వీరు ‘గ్రీన్ గెరిల్లాలు’ అని పేరు పెట్టుకొనిరి. విత్తనములను ఎరువుతో చేర్చి పొట్లములు కట్టి, తాళమువేసిన పాడుదొడ్లలోనికి కంచెమీదుగా విసరుట వీరి యుద్ధతంత్రము. ఇంతకంటె నిరపాయకరులగు గెరిల్లాలను మేమెరుగము! మరుసటి యేడు నగరాధికారులు ఆ స్థలమును నెలకొక డాలరు అద్దెకు వారికొసగిరి. 60 కూరగాయల మళ్లు లేచెను. 1978లో నగరమే ‘గ్రీన్‌థంబ్’ అను పథకమును నెలకొల్పి ఇట్టి తోటలకు తోడ్పడసాగెను.

చిక్కంతయు ఆ అనుమతులలోనే యుండెను. అవి తాత్కాలికములు. పాడునేల తోటయైనందున పేట కళకట్టెను. కళకట్టిన పేటలో నేలకు వెల పెరిగెను. వెల పెరిగిన నేలపై అమ్మువారి దృష్టి పడెను. 1999లో మేయరు రూడాల్ఫ్ జూలియాని పరిపాలనమున 114 తోటలను వేలము వేయ నిశ్చయించిరి. నేల నగరముదే; నగరమున ఇండ్ల కొరతయు నిజమే. ఈ వాదమును మేము తేలికగ త్రోసివేయము. కాని వేలములో నేల హెచ్చుపాట పాడినవానికి పోవును గాని ఇల్లులేనివానికి పోవునను పూచీ ఏది?

పౌరులు వీధులకెక్కిరి, కొందరు నిర్బంధింపబడిరి, వ్యాజ్యములు నడచెను. తుదకు ‘ట్రస్ట్ ఫర్ పబ్లిక్ లాండ్’ అను సంస్థయు, నటి బెట్ మిడ్లర్ స్థాపించిన మరియొక సంస్థయు 42 లక్షల డాలర్లు చెల్లించి ఆ తోటలను కాపాడెను. 2002లో రాష్ట్రమునకును నగరమునకును ఒడంబడిక కుదిరి మరికొన్ని వందల తోటలు నిలిచెను. కొన్ని కట్టడములక్రింద పోయెను. పావు శతాబ్దము మన్ను మోసినవారి తోటను మరల సొమ్మిచ్చి కొనవలసివచ్చినది!

అదే నగరమున 843 ఎకరముల సెంట్రల్ పార్కును 1980లో ఏర్పడిన పౌరసంస్థ యొకటి చందాలతో పోషించుచున్నది. 1998 నుండి నగరముతో దానికి లిఖితపూర్వకమగు ఒప్పందము కలదు. ఆ పార్కు చుట్టును ధనికులుందురు, చందాలు వచ్చును. పేదల పేటలోని తోటకు అట్టి దాతలెక్కడ? కనుకనే సేవాసంఘములు ఏర్పడెనని పురపాలకులు తమ ఖర్చును తగ్గించుకొనుట మాకు సమ్మతము కాదు.

మన కాలనీలలో ప్రజలకై విడిచిన ఖాళీస్థలములను నివాసుల సంఘములు తోటలుగ చేయుచున్నవి. వారు మొదటి మొక్క నాటుటకు ముందే పురపాలక సంఘమునుండి తీర్మానపు నకలు పుచ్చుకొనవలెను. నీరు ఎవరిది, తోటమాలి జీతము ఎవరిది, గేటు తాళపుచెవి ఎవరియొద్ద నుండును, ఆ స్థలమును వేరుపనికి మార్చదలచినచో ఎంత ముందుగ తెలుపవలెను అను సంగతులు అందుండవలెను. తాళపుచెవి సంఘమువారియొద్ద నున్నను, పక్కపేట పిల్లలకు గేటు మూయరాదనియు అందు వ్రాసికొనవలెను.

లిజ్ క్రిస్టీ 1985లో మరణించెను. బౌరీ మూలనున్న తోటకు మరుసటి యేడు ఆమె పేరు పెట్టిరి. దానిని నేటికిని ఆ పేటవారే సాకుచున్నారు.