ఈ ఏటి రంగు ఎక్కడ వేయాలి?

కొల్లిపర, దావులూరు, మున్నంగి వైపు డిసెంబరు సగం దాటిందంటే పెయింటరు దొరకడం కష్టం. దొరికినా పొద్దున ఒక ఇల్లు, మధ్యాహ్నం ఇంకో ఇల్లు అంటాడు. సంక్రాంతికి పిల్లలు హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ దిగేలోగా గోడల పని తేలిపోవాలి. అంతకు కాస్త ముందే, డిసెంబరు మొదట్లో, అమెరికాలో పాంటోన్ అనే సంస్థ వచ్చే ఏటి రంగేమిటో ప్రకటిస్తుంది. 2000 సంవత్సరానికి ఆకాశనీలంతో మొదలైన ఆనవాయితీ అది. 2024కి పీచ్ పండు ఛాయ అన్నారు, 2025కి మోకా గోధుమ అన్నారు, 2026కి ‘క్లౌడ్ డాన్సర్’ అని పేరు పెట్టి తెలుపు అన్నారు. గోడకి వెల్ల వేయమని చెప్పడానికి అమెరికావాడు రావాలా అని మన పెద్దవాళ్లు నవ్వుకుంటే నవ్వుకోవచ్చు. ఇక్కడ ఏషియన్ పెయింట్స్ కూడా ఏటా ఒక రంగును ముందుకు తెస్తుంది. ఇవన్నీ యూట్యూబులో తిరిగి తిరిగి చివరికి తెనాలి పెయింటు షాపు కౌంటరు మీద ఫోనులో ఒక ఫొటోగా తేల్తాయి. ‘‘అచ్చంగా ఈ షేడే కావాలండీ.’’

అడగడంలో తప్పేం లేదు. కాకపోతే ఆ రంగు మోజు ఏడాదికి తీరిపోతుంది. గోడకి పట్టించిన ఎమల్షన్ మాత్రం అయిదారేళ్లు ఉంటుంది, మంచి రకమైతే ఇంకా ఎక్కువే. మన ఇళ్లకి వెనకటి రోజుల్లో ఈ పేచీ లేదు. ఎందుకు లేదో తెలియాలంటే సున్నం దగ్గరికి వెళ్లాలి.

పిడుగురాళ్ల సున్నం బట్టీలకి పేరు. పల్నాటి సున్నపురాయిని అక్కడ కాలుస్తారు. ఆ గడ్డలు తెచ్చి డ్రమ్ములో వేసి నీళ్లు పోస్తే పొయ్యి లేకుండానే కుతకుతమని ఉడుకుతాయి. పిల్లల్ని దరిదాపులకి రానిచ్చేవాళ్లు కాదు, కంట్లో చుక్క పడితే చూపుకే మోసం. రాత్రంతా ఊరనిచ్చి, పాత పంచెలో వడగట్టి, గుప్పెడు ఉప్పు వేసి, వజ్రం అనే జిగురు గానీ గంజి గానీ కలిపేవాళ్లు. ఉప్పు గాలిలోని తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి పూత తొందరపడి ఆరదు. నిదానంగా ఆరితేనే సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ రాయిలా గట్టిపడుతుంది. గంజి, వజ్రం పట్టు కోసం. చివర్లో చిటికెడు నీలిమందు. సున్నంలో మిగిలే పసుపుచాయను నీలం మింగేస్తుంది, కంటికి తెలుపు మరింత తెల్లగా కనబడుతుంది. బట్టలకి నీలం పెట్టడంలో ఉన్న కిటుకే ఇది. చెయ్యి కాస్త జారిందా, వసారా మొత్తం లేత నీలం. కొందరు కావాలనే జారేవాళ్లు.

సున్నానికి క్షారగుణం ఎక్కువ, బూజూ నాచూ దాని మీద బతకలేవు. అయితే ఒక వానాకాలం గడిస్తే వెలిసిపోతుంది, ఆనుకుంటే చొక్కాకి అంటుతుంది. అందుకని ఏటా వేయక తప్పదు. ఖర్చు తక్కువ కనక ఏటా వేయగలిగేవాళ్లు కూడా. గోడ అడుగున కావి పట్టీ అలంకారం కోసమే అనుకుంటాం గానీ, చూరు నీళ్లు నేల మీద పడి చిందే బురద కనపడకుండా ఉండటానికి అంతకన్నా మంచి రంగు లేదు. మరక పడేచోట ఎరుపు, వెలుగు కావలసినచోట తెలుపు. ఇంతకన్నా తెలివైన రంగుల జోడీ ఇప్పటి షేడ్ కార్డుల్లో నాకు కనపడలేదు.

ఇక గడప పసుపు. పక్కనే దుగ్గిరాల పసుపు యార్డు, చుట్టూ పసుపు చేలు, ఆ రంగుకి ఇక్కడ కొదవేముంది? ఎండ తగిలితే పసుపు తొందరగా వెలిసిపోతుంది, అందుకే వారం వారం పూస్తారు. దానికి తడి సున్నం తగిలితే ఎర్రబారుతుంది, పారాణి అయ్యేది కూడా అలాగే. అందుకే గోడలన్నీ అయ్యాకే గడప జోలికి వెళ్లాలి.

డాబాలు వచ్చాక సున్నం పోయి డిస్టెంపరు వచ్చింది, ఆ తర్వాత లప్పం, ప్రైమరు, రెండు కోట్లు ఎమల్షన్. గోడ నున్నగా ఉంటుంది, తడిగుడ్డతో తుడవచ్చు. కానీ సున్నం పూసిన గోడ లోపలి చెమ్మను బయటికి వదులుతుంది, ఎమల్షన్ పొర అంతగా వదలదు. మనది డెల్టా నేల, కాలవల్లో నీళ్లున్నన్నాళ్లూ పునాదుల కింద తడి ఉంటుంది. ఆ తడి గోడలోకి ఎక్కుతూ తనతోపాటు ఉప్పును మోసుకొస్తుంది. నీరు ఆవిరైనచోట ఉప్పు తెల్లటి పొడిలా పూసి రంగును లోపల్నుంచి తోస్తుంది. ముందు చిన్న చిన్న బొబ్బలు వస్తాయి. గోటితో గీరితే రంగు అప్పడంలా విరిగి పడుతుంది, కింద లప్పం పిండిలా రాలుతుంది. రేపల్లె, బాపట్ల సముద్రం వైపు ఈ బాధ ఇంకా ఎక్కువ. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకి చేరి, దిగువన లంక ఊళ్లు మునిగాయి. అలా నానిన గోడకి పండగ వస్తోంది కదా అని వెంటనే రంగు వేయిస్తే డబ్బు గోడలో పోసినట్టే.

గోడ ఆరిందో లేదో తెలుసుకోవడానికి సులువైన దారి ఉంది. జానెడు ప్లాస్టిక్ కవరును నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి, ఒక రోజు ఆగి చూడండి. లోపలి వైపు నీటి చుక్కలు పట్టాయంటే ఆగాల్సిందే. కొత్త ప్లాస్టరింగయితే కనీసం నాలుగు వారాలు ఆగాలి. అక్టోబరు, నవంబరు నెలలు వాయుగుండాలవి, బయటి గోడల మాటే వద్దు. ధనుర్మాసంలో వాన ఉండదు గానీ మంచు కురుస్తుంది. పొద్దెక్కి గోడ మీద తడి ఆరాకే కుంచె పట్టాలి, సాయంత్రం మంచు దిగకముందే ఆపాలి.

ఇప్పుడు ఫోనులోని ఫొటో దగ్గరికి వద్దాం. ఆ గది ఏ దేశంలో ఉందో, దాని కిటికీ ఎటు ఉందో మనకి తెలియదు. అక్కడి బూడిదరంగు ముసురు పట్టిన రోజున మన ఉత్తరపు గదిలో నీలంగా, దిగాలుగా కనబడుతుంది. తెల్లటి ఎల్‌ఈడీ బల్బు కింద లేత పసుపు పాలిపోతుంది, అదే గోడ పసుప్పచ్చ వెలుగునిచ్చే బల్బు కింద నిండుగా ఉంటుంది. షాపులో ట్యూబులైటు కింద చూసిన షేడు ఇంట్లో వేరుగా కనబడటానికి కారణం ఇదే. చిన్న డబ్బా కొని గోడ మీద రెండడుగుల మేర వేసి పొద్దున, మధ్యాహ్నం మూడింటికి, రాత్రి దీపం పెట్టాక చూస్తే సరిపోతుంది.

నగరం అపార్టుమెంట్లను చూసి ఊళ్లో ఇళ్లకి కూడా బయట ముదురు బూడిదరంగు వేయించడం ఈమధ్య ఎక్కువైంది. ముదురు రంగు ఎండను మింగుతుంది. పడమటి గోడకి అది వేసుకుని రోహిణీ కార్తెలో పగలంతా కాగిన గోడ పక్కన రాత్రి పడుకోవడం, ఆపైన ఏసీ కరెంటు బిల్లు కట్టడం నాకయితే తెలివైన పనిగా తోచదు. డాబా పైన మాత్రం సున్నం గానీ తెల్లటి కూల్ పెయింటు గానీ వేస్తే కింది గదిలో వేడి తగ్గుతుంది.

రంగుల్లో మనకి ఇంకో చిక్కు కూడా ఉంది. పంచాయతీ ఆఫీసులకి వేసిన పార్టీ రంగులు తీసేయమని 2020లో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లినా ఆ తీర్పే నిలిచింది. పసుపు వేస్తే ఒక పార్టీ, నీలం ఆకుపచ్చ కలిపితే ఇంకో పార్టీ అంటారని చక్కటి రంగులు వదులుకునే ఇంటివాళ్లు ఇప్పటికీ ఉన్నారు పాపం.

మరి ఈ ఏటి రంగు ఎక్కడ వేసుకోవాలి? ఏడాదికోసారి మార్చినా బాధ లేనిచోట: కర్టెన్లు, దుప్పట్లు, దిండు గలేబులు, సోఫా కవర్లు. కృష్ణకి ఆవలి ఒడ్డున పెడన ఉంది, కలంకారీ అద్దకాలకి పెట్టింది పేరు. కరక్కాయ పసుపు, మంజిష్ఠ ఎరుపు, నీలిమందు నీలం, ఇనుము తుప్పును బెల్లంనీళ్లలో ఊరబెట్టి తీసిన నలుపు, ఆ రంగులు ఏ ఏటి ఫ్యాషనుకైనా సర్దుకుంటాయి. ఇటు మంగళగిరి నేత బట్ట పలచటి కర్టెన్లకి బాగుంటుంది. వేసవికి లేత రంగు నూలు బట్ట చాలు, వీలైతే కిటికీకి వట్టివేళ్ల తడిక. వానల్లో మందపాటి కర్టెన్లు వాసన పడతాయి కాబట్టి తీసేసి, ముసురు వెలుతురులో కళ తెచ్చే ఎరుపో పసుపో పలచటి బట్టలో పెట్టుకోవచ్చు. నిండు రంగులూ బరువు బట్టలూ కార్తీకం దాటాక. గోడ మాత్రం మీగడ తెలుపో లేత గంధమో ఉంటే పైన ఏది వేలాడదీసినా నప్పుతుంది. మనసు ఊరుకోకపోతే ఒక్క గోడకి నచ్చిన రంగు వేయించుకోండి, రెండేళ్లకి మార్చినా ఒక పూట పని.

తలుపులు, కిటికీల రంగు మార్చేవాళ్లకి ఒక జాగ్రత్త. పాతకాలపు ఎనామిల్ ఆకుపచ్చల్లో, పసుపుల్లో సీసం ఉండేది. ఇళ్లకి వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. తాతల నాటి తలుపును పొడిగా గీకితే ఆ దుమ్ము పసిపిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి, సన్న దుమ్మును ఆపే మాస్కు పెట్టించి గీకించండి. రాలిన పెచ్చులను పెరట్లో చల్లకుండా సంచిలో ఎత్తి పారేయించండి. పని జరిగే ఆ రెండు రోజులూ పిల్లల్ని పక్కింట్లో ఉంచితే ఇంకా మంచిది.