ఏటి ఇసుకలో నీటి నిలువ

ఎండిపోయిన ఏటిలో చెలమ తీసి నీళ్లు తోడుకొనడం మనకు తెలియని సంగతి కాదు. ఆ చెలమనే ఆధారం చేసికొని ఆఫ్రికాలో కెన్యా దేశపు మెట్ట గ్రామాలవారు తమకూ, తమ పశువులకూ నీరు ఎట్లా నిలువ చేసికొంటున్నారో ఈనాడు చెప్పుకొందాము.

కెన్యా రాజధాని నైరోబీకి తూర్పున, ఆగ్నేయాన మచాకోస్, మకువేని, కిటూయి అనే ప్రాంతాలున్నవి. కాంబా జాతివారి సీమ అది. మార్చి నుండి మే వరకు ఒక కారు, అక్టోబరు నుండి డిసెంబరు వరకు మరొక కారు వానలు. వాన పడితే వాగు పొంగుతుంది, అంతలోనే వట్టిపోతుంది. మిగిలేది ఇసుక. ఆడవాళ్లు మైళ్ల కొద్దీ నడిచి నీళ్లు తెచ్చుకోవాలి, పశువులనూ అంత దూరమూ తోలాలి. నీళ్లకని అంతదూరం నడిచి వచ్చిన ఆవు ఏపాటి పాలిస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఇక్కడ చేయూతనిచ్చిన క్రైస్తవ సేవాసంస్థలలో 1920లో ఏర్పడిన మెనొనైట్ సెంట్రల్ కమిటీ ఒకటి. మెనొనైట్ల పేరు మహబూబ్‌నగర్ వైపు వారికి కొత్త కాదు. మెనొనైట్ బ్రెదరెన్ సంఘం అక్కడ ఎన్నాళ్లనుండో ఉన్నది గదా! కెన్యాలో ఈ కమిటీ తానే వచ్చి గోడ కట్టి పోలేదు. ఉటూని అనే స్థానిక సంస్థకు తోడునిలిచింది. సిమెంటు, ఇనుము, మేస్త్రీ ఖర్చు సంస్థవారిది. రాళ్లు ఏరడం, ఇసుక మోయడం, పునాది తవ్వడం ఊరివారి వంతు. కాంబావారిలో పదిమందీ కూడి ఒకరి పని ఒకరు చేసిపెట్టే పాత ఆచారం ఉన్నది, పేరు మ్వేథ్యా. మన బదుళ్ల వంటిదే. తాము మోసిన రాళ్లు గనుక గోడ బీటవారితే వారే వచ్చి చూచుకొంటారు. నా మట్టుకు నాకు ఇదే మెచ్చదగినది.

ఇక గోడ సంగతి. వాగుకు అడ్డంగా రాతిగోడ కడతారు. అడుగున గట్టిరాయి తగిలేవరకు పునాది తీయవలెను, రెండు చివరలూ ఒడ్డులలోనికి బాగా చొప్పించవలెను. లేకుంటే నీరు అడుగునుండి జారిపోతుంది, వరద పక్కనుంచి దారి చేసికొంటుంది. వరదలో బరువైన ముతక ఇసుక గోడ వెనుక దిగుతుంది; తేలికైన ఒండ్రు గోడమీదుగా పొర్లిపోతుంది. ఒండ్రు మరీ ఎక్కువగా వచ్చే వాగయితే గోడను ఒక్కసారిగా లేపక కొంచెం కొంచెంగా పెంచడం మంచిది. తొందరపడితే నిండేది బురదే, అందులో నీరు ఊరదు. నిండిన ఇసుకలో నూటికి 25 నుండి 40 వంతుల వరకు నీరు పడుతుంది. మూరెడు, మూరెడున్నర లోతు దిగిన నీటిని ఎండ అంతగా పీల్చలేదు, దోమలూ గ్రుడ్లు పెట్టలేవు.

అయితే ఇసుక వడగట్టిన నీరంతా శుభ్రమని మోసపోరాదు. తెరిచి ఉన్న చెలమలో పేడ పడిందా, పశువు మూతి పెట్టిందా, ఆ నీళ్లతో పిల్లలకు విరేచనాలు పట్టుకొంటాయి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊరిలో చూచాను. ఒకటే చెలమ, పొద్దున మనుషులకు, మధ్యాహ్నం బర్రెలకు. నేను కంపోస్టు గుంట గురించి చెప్పి వచ్చానే గాని చెలమ మాట ఎత్తలేదు. ఇప్పటికీ అది నన్ను పీకుతూనే ఉంటుంది.

కాబట్టి మనుషులకు గోడ ఎగువన మూతగల బావి దించి చేతిపంపు పెట్టాలి. పశువుల తొట్టి దూరంగా, దిగువన ఉండాలి. ఎగువ ఇసుకలోకి మంద దిగకుండా కంప కొట్టాలి.

వాగు పక్క వాలు పొలాలలో కాంబా రైతులు ‘ఫాన్యా జూ’ గట్లు వేస్తారు. వాలుకు అడ్డంగా కాలువ తవ్వి, మట్టిని ఎగువవైపు పోయడమే ఇది. పొలం మన్ను వాగులోకి కొట్టుకురాదు. గట్టుమీద నేపియర్ గడ్డి నాటితే, కోసి తెచ్చి కొట్టంలోనే మేపుకోవచ్చు. పశువు ఏటికి పోయే పని తగ్గుతుంది.

మన వైపు ఇది చేయదలచినవారు ముందు ఇసుకను చూచుకోవాలి. లారీలకెత్తే వాగులో ఎంత మంచి గోడ కట్టినా ఫలం లేదు. నడి వేసవిలో కూడా చెలమ ఊరే చోటు ఏదో ఊరి పెద్దలనడగండి. అక్కడ రెండు మూడు చోట్ల ఇనుపకడ్డీ దించి, రాయి ఎంత లోతున తగులుతుందో చూచి, ఆ తరువాతనే ఇంజనీరుగారిని పిలవండి.